నాకేమీ ఇవ్వలేదన్నాను

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. బరువు మాత్రం ఏటేటా పెరుగుతూనే వచ్చింది. వయసు మీదపడే కొద్దీ మనిషి తేలికపడతాడని అంటారు, కోరికలు రాలిపోతాయి కనక. నాకలా జరగలేదు. అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అయినా మీ ముందే దించుకుంటున్నాను.

బిలాస్‌పూర్‌లో ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ని. మా నాన్న రైల్వేలో గార్డు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి క్వార్టర్లలోనే పాతుకుపోయిన కుటుంబం మాది. తెలుగు చదవడం మా అమ్మ నేర్పింది. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి, చదవగలిగే ఇళ్లు తగ్గిపోయాయి. నేను అన్యాయం చేసిన అమ్మాయికి కూడా తెలుగు చదవడం రాదు. ఇది తెలుగులో రాస్తున్నది అందుకేనా? ఆమె చదవలేని అక్షరాల్లో ఒప్పుకుంటే అది ఒప్పుకున్నట్టేనా? ఈ ప్రశ్న వేసుకోకుండా కలం కదల్లేదు. జవాబు నాకు తెలుసు. కానీ అందరికంటే ముందు ఆమెకే, నా నోటితోనే చెప్పాను. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఆమెను పైడితల్లి అంటాను. అసలు పేరు అది కాదు.

ఎం.ఏ.లో నేను చెప్పే పేపరు ఇంగ్లండు సాహిత్య చరిత్రలో ఒక ముక్క. గ్రీకు, లాటిన్ చదువులు అక్కడ మళ్లీ చిగురించిన రోజులతో మొదలై, తల తెగిన రాజుగారి కొడుకు దేశానికి తిరిగొచ్చి గద్దె ఎక్కిన రోజుల దాకా. నది అవతలి ఒడ్డున నాటకశాలలు, ప్లేగు వస్తే వాటికి తాళాలు, ఆడవేషాలు కట్టే మగపిల్లలు, మతం పేరుతో జనం ఒకరినొకరు చంపుకున్న యుద్ధం, భక్తిపరులు గద్దెనెక్కి పద్దెనిమిదేళ్లు నాటకాలనే మూయించడం, రాజు రాగానే తలుపులు తెరుచుకుని మొదటిసారి ఆడవాళ్లు రంగం మీదికి రావడం. ఇదీ పాఠం. నేను దాన్ని గొప్పగా చెప్తానని పేరుండేది. నా నోట్సు కోసం రాయగఢ్ నుంచి కూడా పిల్లలు వచ్చేవారు.

ఆ నోట్సు నాది కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కాలేజీ లైబ్రరీలో ఈ పేపరుకి పనికొచ్చే పుస్తకాలు లేవు. రైల్వే వాళ్ల పాత లైబ్రరీలో తెల్లదొరలు వదిలిపోయిన పుస్తకాలను తూకానికి అమ్మేస్తుంటే ఒకటి కొన్నాను. ఎర్ర అట్ట, చెదలు తిన్న అంచులు. పేరు రాయను. రాసిన ఇంగ్లీషాయన ఎప్పుడో పోయాడు. ఎంత బాగా రాశాడో! ఒక్కో వాక్యం గదిలోకి దీపం తెచ్చినట్టుండేది. మొదటి ఏడాది క్లాసులో “ఈ పుస్తకంలో ఇలా ఉంది” అని చెప్పి మరీ చదివేవాణ్ని. రెండో ఏడాది ఆ మాట కొన్నిసార్లు మర్చిపోయాను. మూడో ఏడాదికి పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. దాంట్లోంచి నా చేత్తో ఎత్తి రాసుకున్న కాగితాలే క్లాసుకి వెళ్లేవి. దొంగతనం ఏ రోజు మొదలైందని ఎవరైనా అడిగితే చెప్పలేను. తేదీ లేదు. మెల్లగా అలవాటైంది, అంతే.

దానికి సమర్థన కూడా ఆ పాఠంలోనే దొరికింది. ఆ కాలంలో బళ్లో ప్రతి కుర్రాడూ ఒక నోటుపుస్తకం పెట్టుకుని, చదివినవాటిలో మంచి వాక్యాలు అందులోకి ఎక్కించుకుని, తర్వాత తన రాతల్లో వాడుకునేవాడు. పరాయివాడి కథ తీసుకుని నాటకం కడితే ఎవరూ దొంగ అనలేదు. ఇది నేనే క్లాసులో చెప్పేవాణ్ని. చెప్తూ లోపల్లోపల నా తల నేనే నిమురుకునేవాణ్ని. నాలుగు వందల ఏళ్ల నాటి ఆచారాన్ని తెచ్చి నా సోమరితనం మీద కప్పుకున్నాను. ఎంత వెచ్చగా ఉండేదో.

పైడితల్లి ఎనభైల చివర్లో మా క్లాసులో చేరింది. తండ్రి అప్పలస్వామి లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే ఖలాసీ. వాళ్ల ఇంటివైపు అంతమందిలో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. క్వార్టర్ల మధ్య ఉమ్మడి కుళాయి దగ్గర పొద్దున్నే బిందె వరసలో పెట్టి, వంతు వచ్చేదాకా నోట్సు వల్లె వేసేదట. ఆ పిల్ల ఏదో మంత్రం జపిస్తోందని చుట్టుపక్కల ఆడవాళ్లు అనుకునేవారట. పలకడం రాని ఇంగ్లీషు మాటల మీద పెన్సిల్‌తో హిందీ అక్షరాల్లో ఉచ్చారణ రాసుకునేది.

కానీ బట్టీ పట్టే పిల్ల అనుకోకండి. ఒకరోజు క్లాసు అయ్యాక వరండాలో ఆపి అడిగింది: “మాస్టారూ, పద్దెనిమిదేళ్లు నాటకాలు ఆపీసినారు గదా. మరి ఏసాలు కట్టీవోళ్లు ఏటి తిన్నారు?”

నాకు తెలియలేదు. ఎర్ర అట్ట పుస్తకంలో అది లేదు. “పరీక్షలో రాదులే,” అన్నాను.

ఆమె ఊరుకోలేదు. వారం తర్వాత నాలుగు పేజీలు రాసి తెచ్చింది. ఇంగ్లీషు తప్పులతడక. కానీ అందులో ఆలోచన ఉంది. షెడ్డులో సమ్మె జరిగి జీతాలు రానప్పుడు తమ ఇంట్లో ఏమేం జరిగిందో తెలుసు కనక, పని పోయిన ఆ నటులు కూడా సామాన్లు అమ్ముకునీ, దొంగచాటుగా సంతల్లో ఆడీ బతికుంటారని ఊహించి రాసింది. కొందరు అచ్చంగా అలాగే చేశారని చాలా కాలం తర్వాత వేరే పుస్తకంలో చదివాను. ఆ రోజు మాత్రం ఆ నాలుగు పేజీలనీ అడ్డంగా కొట్టేశాను. “సొంత కవిత్వం వద్దు. నోట్సులో ఎలా ఉందో అలాగే రాయి. కామా కూడా మార్చకు. ఫస్టు క్లాసు వస్తుంది,” అన్నాను.

ఆమె నా మాట విన్నది. నన్ను నమ్మి కామా కూడా మార్చలేదు.

ఆ ఏడాది పేపర్లు దిద్దినాయన ఎక్కడో దూరాన ఉండే పెద్దమనిషి. ఆయన దగ్గర ఆ ఎర్ర అట్ట పుస్తకం ఉంది. పైడితల్లి జవాబులు మూడు ఆ పుస్తకంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. పుస్తకం చించి హాల్లోకి తీసుకెళ్లి ఉంటుందని రాసి పంపాడు. అంత పొడుగు జవాబులు కామాలతో సహా మనిషి బుర్రలో ఉంటాయని ఆయనకి తోచలేదు కాబోలు. మిగతా పిల్లలు గైడు పుస్తకాలు చూసి అటూ ఇటూ కలిపి రాసినవాళ్లే. నమ్మకంగా రాసింది ఆమె ఒక్కతే. పట్టుబడింది ఆమె ఒక్కతే. యూనివర్సిటీ నుంచి ఆమెకి ఉత్తరం వచ్చింది, విచారణ కమిటీ ముందుకి రమ్మని.

మర్నాడు పొద్దున తండ్రీ కూతుళ్లు మా ఇంటికి వచ్చారు. అప్పలస్వామి డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు, లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“బాబూ, మా గుంట దొంగతనం సెయ్యదు,” అన్నాడు.

“ఏటి కాపీ మాస్టారూ?” అంది పైడితల్లి. ఏడవలేదు. నిజానికి కొంచెం నవ్వుతోంది, ఇదేదో పొరపాటు, మాస్టారి దగ్గరికి వస్తే అరగంటలో తేలిపోతుందన్నట్టు. “మీరు సెప్పిందే రాసినాను గదా. వోళ్లెవరో పుస్తకం అంటన్నారు. నానే పుస్తకం సూడలేదు.”

“నోట్సు ఉందా?” అని అడిగాను.

“ఉంది. పూరా ఉంది. క్లాసు క్లాసుకీ తారీకేసి రాసినాను.” సంచీలోంచి తీసింది. నీలం అట్ట, లావు పుస్తకం. “ఇది సూపించీస్తే బస్, అయిపోద్ది గదా?”

“నాకియ్యి. కమిటీ ముందు నేను పెడతాను. నువ్వు పెడితే నమ్మరు.”

“అచ్ఛా మాస్టారూ,” అని రెండు చేతులతో ఇచ్చింది.

అలా చెయ్యి చాచినప్పుడు నా మనసులో ఏముంది? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. సాయం చేద్దామనే తీసుకున్నానని చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఆమె దగ్గర ఆ పుస్తకం ఉండకూడదని నాలో ఏదో అప్పటికే నిర్ణయించుకుంది. నా చెయ్యికి ముందే తెలుసు. మిగతా నాకు తర్వాత తెలిసింది.

వాళ్లు వెళ్లాక పేజీలు తిప్పాను. ప్రతి పాఠం పైనా తారీకు, పక్కనే నా పేరు. “సార్ ఇలా చెప్పారు.” ఎర్ర అట్ట ఆయన వాక్యాల కింద, పేజీ పేజీకీ, నా పేరు. అంత శ్రద్ధగా నా దొంగతనాన్ని ఎవరూ రాసిపెట్టి ఉండరు.

కమిటీ రోజున ముందు ఆమెను పిలిచారు. బయటికి వచ్చి నా వైపు చూసి తలూపింది, అంతా చెప్పాను అన్నట్టు. తర్వాత నన్ను పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన హిందీలో మర్యాదగానే అడిగారు. “అమ్మాయి ఇవి మీరు డిక్టేట్ చేసిన పాఠాలంటోంది. నోట్సు మీకిచ్చానంటోంది. తెచ్చారా?”

సంచీ నా ఒళ్లో ఉంది. పుస్తకం సంచీలో ఉంది. దాని మూల నా మోకాలికి గుచ్చుకుంటోంది.

ఆ యేడు నన్ను డిపార్టుమెంటు హెడ్డు చెయ్యాలన్న మాట నడుస్తోంది. సదర్ బజార్లో ఒక పుస్తకాల కొట్టాయన నా నోట్సు నా పేరుతో అచ్చేస్తానని వెంటపడుతున్నాడు. ఈ రెండే నా భయాలు. నిజం చెప్తే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. దేశంలో సగంమంది మాస్టార్లు చేసేది అదే గదా అని ఆ ముగ్గురూ నవ్వి వదిలేసేవారేమో. నన్నెవరూ ఉరి తియ్యరు. అది తలుచుకుంటేనే ఎక్కువ సిగ్గు. పెద్ద ప్రమాదానికి జడిసినవాణ్ని కాదు, నలుగురు నవ్వుతారేమోనని జడిసినవాణ్ని.

“నాకేమీ ఇవ్వలేదు,” అన్నాను. “నేను ముఖ్యమైన పాయింట్లు చెప్తాను. ఇంత వివరంగా చెప్పను.”

పెద్దాయన రాసుకున్నారు. టీ ఇమ్మంటారా అని అడిగారు. తాగాను.

బయట బెంచీ మీద నుంచి తండ్రీ కూతుళ్లు లేచి నిలబడ్డారు. “ఏటన్నారు మాస్టారూ?” అంది.

“చూపించాను,” అన్నాను. “నమ్మలేదు.”

మొదటి అబద్ధం భయంతో వచ్చింది. ఈ రెండోది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ పిల్ల కళ్లలో మంచివాడిగా మిగలాలన్న ఆశ. అన్నీ లాక్కున్నాక, నా మీద ఆమె పెట్టుకున్న గౌరవాన్ని కూడా లాక్కున్నాను. అప్పలస్వామి రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు.

రెండేళ్లు పరీక్షలు రాయకూడదన్నారు. ఆ రెండేళ్ల తర్వాత కూడా ఆమె రాయలేదు. కాపీ కొట్టిన పిల్లన్న పేరు క్వార్టర్లంతా పాకింది. లెక్చరర్ కావాలనుకున్న పిల్ల.

ఆ నోట్సు తిరిగి అడగడానికి ఆమె రాలేదు. యూనివర్సిటీ వాళ్లే ఉంచేసుకున్నారని అనుకుని ఉంటుంది. కాల్చేద్దామంటే చెయ్యి రాలేదు. పాత పరీక్ష కాగితాల కట్టలో పెట్టి పాత కాగితాలు కొనే రద్దీవాడికి వేసేశాను. ఆ తర్వాత మొదలైంది అసలు భయం. సదర్ బజార్లో శనగలు కొన్నా, పల్లీలు కొన్నా, పొట్లం విప్పి కాగితం ఇటూ అటూ తిప్పి చూసేవాణ్ని. నీలం సిరా, పైన పెన్సిల్‌తో హిందీ అక్షరాలు ఉన్నాయేమోనని. ఒక్కసారీ దొరకలేదు. చూడడం మాత్రం ఏళ్లపాటు మానలేదు.

ఆ వేసవిలో అప్పలస్వామి సొంతూరు వెళ్లి వస్తూ పలాస జీడిపప్పు తెచ్చి ఇచ్చాడు. “మా కోసం అంతలా తిరిగినారు బాబూ,” అన్నాడు. తీసుకున్నాను. మా ఆవిడ ఆ పప్పు పాయసంలో వేసి నాకు వడ్డించింది. తను ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు.  ఆ పొద్దున గుమ్మంలో జరిగిన మాటలన్నీ ఆవిడ విన్నదే. రద్దీ కట్ట కట్టినప్పుడు కూడా పక్కనే ఉంది. నాలుగేళ్ల క్రితం పోయింది. మా మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు, వెళ్లిపోనూ లేదు.

హెడ్డునయ్యాను. నోట్సు మాత్రం అచ్చు వేయించలేదు. అదొక్కటే నేను చేసుకున్న శిక్ష. శిక్ష అనొచ్చో లేదో కూడా తెలియదు, జడుపు అనడమే నిజం.

పోయిన ఏడాది బిల్హా వెళ్లే లోకల్ రైల్లో ఆమె కనిపించింది. నేనే ముందు చూశాను. మొహం తిప్పుకునేలోపు లేచి నాకు సీటిచ్చింది. బిల్హాలో చిన్న ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి చెప్తోందట. తండ్రి పోయాడట, తల్లితో అక్కడే ఉంటోందట. “ఆ రోజు మీరొక్కలే నాకోసం మాటాడినారు మాస్టారూ. నాకదే సాలు,” అంది. నేను దిగాల్సిన స్టేషను ఇంకా రాలేదు. వచ్చిన స్టేషన్లో దిగిపోయాను.

ఆ తర్వాత నిద్ర చెడింది. తిండి చెడింది. చివరికి యూనివర్సిటీకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను, ఆమె అసలు పేరుతో, నా అసలు పేరుతో, ఎర్ర అట్ట పుస్తకం పేరుతో. పోస్టు చెయ్యకముందు ఆమెకి చూపించాలనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం బిల్హా వెళ్లాను. ఆమె చాప మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. వెనక గదిలో తల్లి పడుకుని ఉంది. మంచినీళ్లు ఇస్తానని లేవబోతే వద్దని, కూర్చోమని, చెప్పడం మొదలుపెట్టాను. అంతా చెప్పాను. నోట్సు ఎవరిదో, పుస్తకం ఎవరిదో, కమిటీలో ఏమన్నానో, బయట బెంచీ దగ్గర ఏమన్నానో. వింటూ ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. మళ్లీ తీసింది.

“ఆ దినం పుస్తకం సంచీలోనే ఉందా మాస్టారూ?”

“ఉంది.”

“ఒళ్లోనే?”

“ఒళ్లోనే.”

ఎర్ర పెన్ను పక్కన పెట్టింది. తర్వాత, కోపం లేకుండా, దాదాపు తనతో తాను అనుకుంటున్నట్టు అంది: “నాన్న పోయీముందు అన్నాడు, మాస్టార్ని మరిసిపోకే, మనకోసం నిలబడ్డోరు అని. నాను గూడా అదే అనుకుని ఇన్నేళ్లూ…” ఆగిపోయింది. “ఇప్పుడు నానేటి సెయ్యాలి మాస్టారూ? దీన్ని?”

 చెప్తే నా బరువు దిగుతుందని వచ్చాను. దాన్ని ఎక్కడ దించుతున్నానో వచ్చేముందు ఆలోచించలేదు. ఆమె ప్రపంచంలో తన కోసం నిలబడ్డ మనిషి ఒకడున్నాడు. వాణ్ని కూడా ఆ మధ్యాహ్నం తీసేశాను. అయినా చెప్పకుండా ఉండాల్సిందా? లేదు. అలా అనుకోవడం కూడా మరో దొంగతనమే. అబద్ధం మీద నిలబడ్డ గౌరవం నాది కాదు, తిరిగి ఇచ్చెయ్యాలి, ఇచ్చేటప్పుడు ఆమెకి నొప్పెట్టినా సరే.

ఉత్తరం చాప మీద పెట్టాను. ఆమె చదివింది. ఒక చోట నా ఇంగ్లీషు తప్పు కనబడిందేమో, పెన్ను దాకా చెయ్యి వెళ్లింది. దిద్దలేదు. మడిచి నాకు తిరిగి ఇచ్చేసింది.

“పోస్టు సేసుకోండి,” అంది. “అమ్మ లేస్తాది. ఎల్లండి మాస్టారూ.”

క్షమించమని నేనడగలేదు. అడిగే ముఖం లేదు, అడిగితే ఆమె మీద మరో పని మోపినట్టవుతుంది. క్షమించానని ఆమె అనలేదు. గుమ్మం దాకా కూడా రాలేదు.

ఉత్తరం స్టేషన్ ముందున్న ఎర్ర డబ్బాలో వేశాను. ఇప్పటికి మూడు నెలలైంది. జవాబు రాలేదు. వస్తుందో రాదో, వచ్చినా ఆమెకి పోయినవి ఏవి తిరిగొస్తాయో తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ఒక ఖలాసీ కూతురు కాపీ కొట్టలేదని తేలితే ఎవరికి కావాలి? నాకు కావాలి. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను: కాపీ కొట్టింది ఆమె కాదు. నేను. ఆమె నోట్సు నాకిచ్చింది. నేను లేదన్నాను.

ఉత్తరం వేసిన ఆ సాయంత్రం బిల్హా ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చున్నాను. వడ్ల బస్తాల మీద పిచ్చుకలు వాలుతున్నాయి. లోకల్ ఆలస్యమన్నారు. కాళ్లు చాపుకుని తల వెనక్కి వాల్చాను. కళ్లు తెరిచేసరికి ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది. బండి వచ్చి వెళ్లిపోయిందని టీ అమ్మే ముసలాయన చెప్పాడు. లేపుదామనుకున్నాడట. అంత గాఢంగా నిద్రపోతున్న మనిషిని లేపడానికి మనసొప్పలేదన్నాడు.